ఆరు టోపీల మీటింగు: మీ ప్రశ్నలు, మా జవాబులు

గుంపుగా కూర్చుని ఆలోచించడానికి వాడే ఆరు టోపీల పద్ధతి మీద వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ నెల జవాబులిస్తున్నాం. ఇందులో ఒక్కో రంగు టోపీ ఒక్కో రకం ఆలోచనకు గుర్తు: తెలుపు అంటే లెక్కలూ వాస్తవాలూ, ఎరుపు మనసులో మాట, నలుపు లోపాలు, పసుపు లాభాలు, ఆకుపచ్చ కొత్త దారులు, నీలం మీటింగును నడపడం.

ప్రశ్న: మా హైస్కూల్లో హాజరు పడిపోతోందని స్టాఫ్ మీటింగు పెట్టాం. ఆరు టోపీల పద్ధతి బాగుంటుందని ఎవరో చెబితే, ఆరుగురు టీచర్లకు ఆరు రంగులు పంచాను. లెక్కల మాస్టారికి తెలుపు, ఎప్పుడూ వంకలు పెట్టే ఆయనకు నలుపు, డ్రాయింగ్ టీచరుకు ఆకుపచ్చ. అరగంటయ్యేసరికి నలుపాయనా పసుపావిడా మాటలు మానేశారు. ఎక్కడ తప్పింది?
— ప్రధానోపాధ్యాయురాలు, గుంటూరు జిల్లా

జవాబు: పంచడంలోనే తప్పింది. ఈ పద్ధతిలో గదిలో ఉన్నవాళ్ళంతా ఒకేసారి ఒకే రంగు టోపీ పెట్టుకుంటారు, సమయం అయ్యాక అందరూ కలిసే మారుస్తారు. తెలుపు నడుస్తున్నంతసేపూ డ్రాయింగ్ టీచరు కూడా లెక్కలే చెప్పాలి. పసుపు నడిచేటప్పుడు వంకలాయన కూడా మంచే వెతకాలి. మనిషికో రంగు ఇస్తే పాత వాదనకే రంగులేసినట్టు. పైగా వంకలు పెట్టేవారికి నలుపు ఇచ్చారంటే ఆ అలవాటుకు మీరే రబ్బరుస్టాంపు కొట్టారన్నమాట.

దీన్ని తయారుచేసిన ఎడ్వర్డ్ డి బోనో 1933లో మాల్టాలో పుట్టిన వైద్యుడు. లాటరల్ థింకింగ్ (అలవాటైన దారి వదిలి పక్కదారిన ఆలోచించడం) అన్న మాటను 1967లో వాడుకలోకి తెచ్చిందీ ఆయనే. ఆరు టోపీలను 1985లో పుస్తకంగా ఇచ్చారు. వాదనలో ఒకరు ఎటు లాగితే రెండోవారు దానికి ఎదురు లాగుతారు, ఇద్దరి తెలివీ తమ మాట నిలబెట్టుకోవడానికే ఖర్చవుతుంది. అలా కాకుండా ఒకే కాడికి కట్టిన ఎడ్లలా కాసేపు అందరూ ఒకవైపే నడవాలన్నది దీని కిటుకు.

మీ హాజరు సమస్యనే తీసుకోండి. తెలుపులో రిజిస్టరు ముందు పెట్టుకోవాలి. ఏ తరగతిలో ఎందరు రావడం లేదు, ఏ వారాల్లో, మగపిల్లలా ఆడపిల్లలా? మీ జిల్లాలో మిర్చి కోతల వారాలను విడిగా తీసి చూడండి. "పిల్లలు కోతలకు పోతున్నారు" అన్నది అందరికీ తెలిసిన మాటే కావచ్చు, కానీ రిజిస్టరులో ఆ వారాలు కనిపించేదాకా దాని పక్కన ప్రశ్నార్థకం ఉండాలి. తెలియనివి కూడా తెలుపులోనే రాస్తారు: "ఎనిమిదో తరగతిలో మానేసిన వాళ్ళ ఇళ్ళకు ఎవరూ వెళ్ళి అడగలేదు."

ఎరుపులో మనసులో మాట, మనిషికి 30 సెకన్లు, కారణం చెప్పనక్కర్లేదు. చెప్పబోయినా ఆపాలి. నలుపులో ఏది బెడిసికొడుతుంది, ఎందుకు కుదరదు. పసుపులో ఏం ఒరుగుతుంది, ఎవరికి. ఈ రెండిటికీ కారణం చెప్పి తీరాలి. ఆకుపచ్చలో కొత్త దారులు. అక్కడ ఎవరి మాటనూ కాదనకూడదు. నీలం మీటింగును నడిపే టోపీ. ఏ ప్రశ్న మీద కూర్చున్నాం, ఏ రంగు తర్వాత ఏ రంగు, చివరికి ఏం తేలింది అన్నవి దాని పని. నడిపేవారి తల మీద ఇది ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, మనిషికి అంటిపెట్టుకునే రంగు ఇదొక్కటే అనుకోవచ్చు.

మీ నలుపాయన సంగతి. వచ్చే మీటింగులో పసుపు రాగానే మొదట ఆయన్నే అడగండి. లోపాలు కనిపెట్టే కన్ను ఉన్నవాళ్ళకు లాభాలు కూడా అంతే వివరంగా కనిపిస్తాయి, ఎవరూ అడగరు గానీ.

ప్రశ్న: మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు. డాబా మీద సోలార్ పెట్టించాలని కమిటీలో ఎనిమిది మందిమి మూడు నెలలుగా కూర్చుంటున్నాం, లేస్తున్నాం. గంటలోపు తేల్చే వరస ఏదైనా నిమిషాలతో సహా చెప్పగలరా?
— అసోసియేషన్ కార్యదర్శి, హైదరాబాద్

జవాబు: మనిషికి రంగుకో నిమిషం అన్నది మొదటి లెక్క. ఎనిమిది మందికి ఇలా వేసుకోండి: నీలం 4 నిమిషాలు, తెలుపు 10, పసుపు 6, నలుపు 8, ఆకుపచ్చ 10, ఎరుపు 4, మళ్ళీ నీలం 6. మొత్తం 48. ఫోనులో టైమరు పెట్టి అందరికీ కనిపించేలా బల్ల మధ్యలో ఉంచండి. కొత్త సంగతులు ఇంకా వస్తుంటే రెండు నిమిషాలు పొడిగించవచ్చు. చెప్పిందే చెబుతుంటే టైమరు మోగకపోయినా మార్చేయండి.

నీలంలో ప్రశ్నను బోర్డు మీద రాయాలి. "సోలార్ పెట్టాలా వద్దా" అని రాస్తే మొదటి నిమిషంలోనే గది రెండుగా చీలుతుంది. "కామన్ కరెంటు బిల్లు తగ్గించడానికి ఏ సైజు సోలార్ ప్రతిపాదనను జనరల్ బాడీకి పంపాలి" అని రాయండి.

తెలుపుకు కాగితాలు ముందురోజే సిద్ధంగా ఉండాలి. లేకపోతే ఆ పది నిమిషాలూ "మొన్న బిల్లెంత వచ్చింది?" దగ్గరే అయిపోతాయి. గత 12 నెలల కామన్ మీటరు బిల్లులు, ట్యాంకులూ లిఫ్టు గదీ పోను డాబా మీద మిగిలే జాగా, కనీసం రెండు కొటేషన్లు తెచ్చుకోండి. ఒక కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి, రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి. అంటే 10 కిలోవాట్లకు 1000 చదరపు అడుగుల జాగా, నెలకు సుమారు 1200 యూనిట్లు. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో హౌసింగ్ సొసైటీల ఉమ్మడి అవసరాలకు కిలోవాట్‌కు 18,000 రూపాయల సబ్సిడీ పెట్టారు. ఇప్పటి నిబంధనలు ఒకసారి పోర్టల్లో చూసి ఆ ముక్క కూడా తెలుపులో చేర్చండి. "మా బావమరిది వాళ్ళ అపార్ట్‌మెంట్లో బిల్లు సున్నా వచ్చిందట" అనే మాట వస్తే కొట్టేయవద్దు, విడిగా "విన్నవి" అన్న వరసలో రాయండి. డి బోనో కూడా సరిచూసిన వాస్తవాన్నీ నమ్ముతున్న వాస్తవాన్నీ వేరుచేయమంటారు.

ప్రతిపాదన ఇప్పటికే చేతిలో ఉంది కాబట్టి పసుపును నలుపు కంటే ముందు పెట్టాం. నలుపు ఒకసారి మొదలైతే ఆ తర్వాత లాభాలు వెతకడానికి ఎవరికీ నోరు రాదు. ఇంకా ప్రతిపాదనే లేని సమస్యకైతే తెలుపు తర్వాత ఆకుపచ్చ, ఆపైన పసుపు, నలుపు.

నలుపులో మీకు వచ్చే మాటలు ఇలా ఉంటాయి: బోల్టులకు డాబాను డ్రిల్ చేస్తే పై ఫ్లాట్లలోకి నీళ్ళు కారతాయి. సాయంత్రం పూట ట్యాంకు నీడ పడుతుంది. వడియాలు, బట్టలు ఎక్కడ ఎండేసుకుంటాం? ఈ మూడోది విని మగవాళ్ళు నవ్వుతారు. నవ్వకూడదు. డాబాను రోజూ వాడేవాళ్ళు చెబుతున్న అసలు ఇబ్బంది అది. మూడిటినీ అలాగే రాసి, ఒక్కొక్కదాన్నీ ఆకుపచ్చలోకి తీసుకెళ్ళండి. డ్రిల్ చేయకుండా కాంక్రీటు దిమ్మెల బరువు మీద ఫ్రేము నిలబెట్టవచ్చా? ఏడెనిమిది అడుగుల ఎత్తున కడితే కింద బట్టల తీగలు కట్టుకోవచ్చా? అలా కడితే ఖర్చెంత పెరుగుతుందన్నది మళ్ళీ తెలుపు ప్రశ్న, దాన్ని పక్కన రాసిపెట్టుకోండి.

ఇక ఎరుపు. మూడు నెలలు నలిగిందంటే మీ దగ్గర ఎరుపు మాట ఏదో నలుపు వేషంలో తిరుగుతోందని మా అనుమానం. "ఆ కాంట్రాక్టరంటే నాకు నమ్మకం లేదు", "ప్రెసిడెంటుగారు ఎందుకింత తొందరపడుతున్నారో" అని పైకి అనలేనివాళ్ళు ఇన్వర్టరు వారంటీ గురించీ గాలి వేగం గురించీ మాట్లాడుతుంటారు. ఒక అనుమానం తీర్చగానే ఇంకోటి పుడుతుంది, ఎందుకంటే అసలు అడ్డు అది కాదు. ఎరుపులో చీటీలు ఇచ్చి ఒక్క వాక్యం రాయమనండి, పేరు వద్దు. ఎనిమిదిలో మూడు చీటీలు కాంట్రాక్టరు గురించే వస్తే చేయాల్సిన పని తెలిసినట్టే: ఇంకో రెండు కొటేషన్లు.

ప్రశ్న: మా ఎండీగారు బ్రెయిన్‌స్టార్మింగ్ అని పిలుస్తారు. ముందు ఆయనే తన ఆలోచన చెబుతారు. తర్వాత పదిమందీ "బాగుంది సార్". దీనికి మందుందా?
— ప్రొడక్షన్ సూపర్‌వైజర్, విశాఖపట్నం

జవాబు: పదిమందిలో పాము చావదని సామెత ఊరికే రాలేదు. బ్రెయిన్‌స్టార్మింగ్‌ను, అంటే గుంపుగా కూర్చుని తోచిన ఆలోచనలన్నీ బయటపెట్టడాన్ని, ప్రచారంలోకి తెచ్చిన అమెరికా అడ్వర్టయిజింగ్ మనిషి అలెక్స్ ఆస్‌బోర్న్ 1953లోనే నాలుగు నియమాలు పెట్టారు: విమర్శ వద్దు, విచిత్రమైనది వచ్చినా రానివ్వాలి, ఎక్కువ రావాలి, ఒకరిదాని మీద ఇంకొకరు కట్టాలి. అయినా 1958లో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షిస్తే, కలిసి కూర్చున్న నలుగురి కంటే విడివిడిగా ఆలోచించిన నలుగురి జాబితాలు కలిపితేనే ఎక్కువ ఆలోచనలు తేలాయి. కారణాల్లో పెద్దది వంతు కోసం కాచుకోవడమని 1987లో ఇద్దరు పరిశోధకులు చూపించారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు తమది మరిచిపోకుండా పట్టుకుని కూర్చుంటారు, కొత్తది పుట్టదు. మన ఆఫీసుల్లో దానికి తోడు పెద్దాయన ముఖం చూసి మాట్లాడటం ఒకటి.

కాబట్టి నోరు మూయించి చేతులకు పని చెప్పాలి. 1960ల చివర్లో జర్మనీలో బెర్న్‌డ్ రోర్‌బాక్ తయారుచేసిన 6-3-5 పద్ధతి మీకు సరిపోతుంది. ఆరుగురు, మూడేసి ఆలోచనలు, ఐదు నిమిషాలు.

ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టి మూడు నిలువు గళ్ళు, ఆరు అడ్డు వరసలు గీయండి. తల మీద ప్రశ్న, ఆరు కాగితాల్లోనూ అక్షరం తేడా లేకుండా. ఐదు నిమిషాల్లో ప్రతివారూ పై వరసలో మూడు ఆలోచనలు రాసి కాగితం కుడిపక్కవారికి ఇస్తారు. రెండోసారి చేతికొచ్చిన కాగితం చదివి, పైదాన్ని సాగదీయడమో మార్చడమో కొత్తది రాయడమో చేస్తారు. ఆరు రౌండ్లు, అరగంట, 6 × 3 × 6 = 108 గళ్ళు. 108 ఆలోచనలు అని ప్రచారం చేస్తారు గానీ ఒకటే మాట నాలుగు కాగితాల్లో ఉంటుంది, కొన్ని గళ్ళు ఖాళీగా ఉంటాయి. ఫరవాలేదు.

చెడేది ఎక్కడంటే: నాలుగో రౌండు నుంచి చదవాల్సింది పెరుగుతుంది, ఐదు నిమిషాలు చాలవు, ఏడు ఇవ్వండి. "క్వాలిటీ పెంచాలి" లాంటి రెండు మాటల గళ్ళు వస్తే తర్వాతివారికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. ఎవరు, ఎక్కడ, ఏం చేస్తారో ఉండేలా ఒక పూర్తి వాక్యం రాయాలని ముందే చెప్పాలి. చేతిరాత గుర్తుపడతారన్న భయం ఉంటే అందరికీ ఒకే రంగు స్కెచ్‌పెన్ను ఇచ్చి పొడి అక్షరాల్లో రాయించండి. తెలుగులో రాయవచ్చని నోటితో చెప్పండి. చెప్పకపోతే ఇంగ్లీషు వెతుక్కుంటూ మిషన్ దగ్గర పనిచేసే మనిషి ఆగిపోతాడు, మీకు కావలసింది అతని దగ్గరే ఉంటుంది.

మీరు పదిమంది కదా, ఐదుగురేసి రెండు బల్లలు వేయండి. రౌండ్లు కూడా ఐదే అవుతాయి. ఎండీగారిని మొదటి అరగంట గదిలోకి రానివ్వకపోతే మరీ మంచిది. "మీరు చివర్లో వచ్చి ఎంపిక చేయాలి సార్" అంటే కాదనరు.

ప్రశ్న: మా పొదుపు సంఘంలో పదిమందిమి. నలుగురికి రాయడం రాదు, ముగ్గురే మాట్లాడతారు. లోనుతో ఏ వ్యాపారం పెట్టాలో ఈ పద్ధతిలో తేల్చుకోగలమా?
— సంఘ సభ్యురాలు, తూర్పు గోదావరి జిల్లా

జవాబు: నిక్షేపంగా. కాగితం లేకపోయినా రంగులు మారతాయి.

ముందు ఇద్దరిద్దరుగా కూర్చోండి, మాట్లాడేవాళ్ళ ముగ్గురినీ వేర్వేరు జతల్లో పెట్టి. మూడు నిమిషాలు జతలోనే మాట్లాడుకుని, జతకు రెండు వ్యాపారాలు అనుకోవాలి. తర్వాత ప్రతి జతలో తక్కువ మాట్లాడే మనిషే లేచి చెప్పాలి. ఒక్కో వ్యాపారానికి నేల మీద సుద్దముక్కతో ఒక బొమ్మ వేయండి: జాడీ అంటే పచ్చళ్ళు, కత్తెర అంటే కుట్టుపని, గేదె అంటే పాలు. ఒకేలాంటివి కలిపేస్తే ఐదారు మిగులుతాయి.

ఇప్పుడు ఒక్కో బొమ్మ చుట్టూ అందరూ నిలబడి రంగులు నడపాలి. పచ్చళ్ళనే చూద్దాం. తెలుపు: కిలో ఆవకాయకు కాయ, నూనె, కారం, ఆవపిండి, ఉప్పు కలిపి ఎంత పడుతుంది, సీసా ఎంత, సంతలో ఎంతకు అమ్ముతున్నారు? నోటి లెక్క కాదు, బజారుకు వెళ్ళి అడిగొచ్చిన లెక్క. తినే సరుకు అమ్మడానికి కావలసిన ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ ఎవరు చేయిస్తారో, పొదుపు సంఘాలను చూసే వెలుగు సీసీని (కమ్యూనిటీ కోఆర్డినేటర్‌ను) అడగాలన్నదీ తెలుపే. పసుపు: చేతి రుచి అందరికీ ఉంది, పొయ్యీ పాత్రలూ ఇళ్ళలో ఉన్నాయి. నలుపు: కాయ దొరికేది వేసవి నెలల్లోనే, ఏడాదికి సరిపడా పెట్టుబడి అప్పుడే పెట్టాలి, డబ్బు తిరిగొచ్చేసరికి నెలలు పడుతుంది, లోను వాయిదా మాత్రం వచ్చే నెలే మొదలవుతుంది. ఒక చేతి తడి తగిలినా జాడీ మొత్తం బూజు. ఆకుపచ్చ: వేసవిలో ఆవకాయ, మిగతా నెలల్లో గోంగూర, నిమ్మ, కందిపొడి అయితే?

ఎరుపును చింతగింజలతో చేయండి. మనిషికి ఐదు గింజలు. నచ్చినదాని మీద ఐదూ వేయొచ్చు, పంచి వేయొచ్చు. అయితే అందరి ముందూ నేల మీద వేయిస్తే మొదట వేసిన లీడరమ్మ గింజల వెంటే మిగతావి పడతాయి. బొమ్మలు అంటించిన డబ్బాలు గదిలో పెట్టి ఒక్కొక్కరినే పంపండి. లీడరు ఆఖరున వెళ్ళాలి. ఎక్కువ గింజలు పడిన రెండింటిని తీసుకుని, తెలుపులో తేలని లెక్కలు కనుక్కున్నాక ఇంకో రోజు మళ్ళీ కూర్చోండి. అదే రోజు తేల్చేయవద్దు.

ప్రశ్న: కొత్త షాపు తెరవబోతూ నలుపు టోపీ అంటే ఇంట్లో పెద్దలు ఒప్పుకోవడం లేదు. అపశకునం మాటలంటారు.
— వ్యాపారి, ఖమ్మం

జవాబు: శుభం పలకరా మంకెన్నా అన్న సామెత ఉన్న జాతి మనది, వాళ్ళను తప్పుపట్టలేం. మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ 2007లో వివరించిన ప్రీమార్టమ్ పద్ధతిలో "ఏడాది గడిచింది, మన పని దెబ్బతింది, ఎందుకు దెబ్బతిందో రెండు మూడు నిమిషాల్లో రాయండి" అంటారు. జరగవచ్చు అనేదాని కంటే జరిగిపోయిందనుకున్నప్పుడు కారణాలు ఎక్కువగా, స్పష్టంగా తోస్తాయి. మీ ఇంట్లో ఆ వాక్యం చెల్లదు కాబట్టి ఇలా మార్చండి: "పక్క ఊళ్ళో ఇలాంటి షాపే ఒకటి ఏడాదిలో మూతపడిందనుకోండి. ఎందుకు పడి ఉంటుంది?" పెద్దవాళ్ళే ముందు చెబుతారు: అరువులు, అద్దె, పార్కింగు, తోడల్లుడితో పొత్తు. నలుపు అన్న పేరు ఎత్తనక్కర్లేదు.

ప్రశ్న: నిజంగా టోపీలు కొనాలా?
— పాఠకుడు, నల్గొండ

జవాబు: వద్దు. తెలుగులో "టోపీ పెట్టారు" అంటే ఏమిటో మీకు తెలుసు. "ఇప్పుడు అందరికీ టోపీ పెడుతున్నాం" అనగానే మీటింగు నవ్వుల్లో పడుతుంది. రంగు చార్టుముక్కలు చాలు, గోడకు ఒకేసారి ఒకటే తగిలించాలి. ఊళ్ళో, అందులోనూ ఎన్నికల ముందు, పసుపూ ఆకుపచ్చా ఎరుపూ చూపిస్తే జెండాలే కనిపిస్తాయి. అలాంటి చోట రంగులు వదిలేసి పేర్లు పెట్టుకోండి: లెక్క, మనసు, జాగ్రత్త, లాభం, కొత్తదారి, నడక.

ప్రశ్న: సగం టీము హైదరాబాదులో, సగం అమెరికాలో. వీడియో కాల్‌లో ఇది నడుస్తుందా?
— టీమ్ లీడ్, హైదరాబాద్

జవాబు: గదిలో కంటే బాగా నడిచే రంగులు రెండున్నాయి, ఎరుపూ ఆకుపచ్చా. చాట్‌లో అందరూ టైపు చేసి ఎంటర్ నొక్కకుండా ఆగాలి. "మూడు, రెండు, ఒకటి" అనగానే ఒకేసారి నొక్కాలి. ఎవరిది చూసి ఎవరూ మార్చుకోలేరు. తెలుపును కాల్‌కు ఒకరోజు ముందే షేర్డ్ షీట్‌లో నింపించండి, ఒకరి పగలు ఇంకొకరి రాత్రి కాబట్టి ఎవరి వేళలో వాళ్ళు నింపుతారు. కాల్‌లో మిగిలేది అరగంట పని. నలుపును మాత్రం నోటితోనే చెప్పించండి. రాతలో నలుపు చదివితే తిట్టులా ఉంటుంది.

ప్రశ్న: అన్ని రంగులూ అయ్యాక అందరూ సరేనంటారు. నెల తర్వాత చూస్తే ఎక్కడి గొంగళి అక్కడే.
— రైతు ఉత్పత్తిదారుల సంఘం డైరెక్టర్, కర్నూలు జిల్లా

జవాబు: చివరి నీలానికి మీరు సమయం మిగల్చడం లేదని అర్థమవుతోంది. పైన సోలార్ జవాబులో చివరి నీలానికి ఇచ్చిన ఆ ఆరు నిమిషాలను ఇంకే రంగుకూ అప్పివ్వకండి. మినిట్స్ పుస్తకంలో మూడు గళ్ళు గీయండి: ఏం పని, ఎవరు, ఏ తేదీకి. "ఎవరు" గడిలో ఒక్క పేరే ఉండాలి. "కమిటీ" అని రాశారంటే ఎవరూ చేయరు. తెలుపులో జవాబు దొరకని ప్రశ్నలన్నీ పనులుగా ఇక్కడికే రావాలి. ఆ పేజీని ఫోటో తీసి, అందరూ లేవకముందే గ్రూపులో పెట్టండి. ముందే నిర్ణయమైపోయిన విషయానికి మాత్రం ఈ తతంగం పెట్టవద్దు. సభ్యులు ఒక్కసారి పసిగట్టారంటే, తర్వాత మీరు ఏ రంగు చూపించినా వచ్చినవాళ్ళు హాజరు సంతకం పెట్టి టీ తాగి వెళ్ళిపోతారు.